పొగ పెట్టని చెట్లు

చించారు, చించారు అంటారేంటండీ ఇందాకట్నించి? చించితే అంచు అలా ఉంటుందా? చూడండి, స్కేలు పెట్టి గీత గీసినట్టుంది. బ్లేడుతో కోసింది అది. మా సుబ్రహ్మణ్యంగారు అలాంటి పని చెయ్యరండీ. పుస్తకంలో ఆకు మూల మడిస్తేనే ఆయనకి ప్రాణం గిలగిల్లాడుతుంది.

రిజిస్టర్లో సంతకం ఆయనదే. కాదన్నానా? అక్టోబర్లో ఆ పరిశోధన పత్రిక వాల్యూము ఆయనే తీసి ఈ బల్ల మీద పెట్టారు. నాలుగో రోజుకి ట్రైనింగుకి కోయంబత్తూరు వెళ్ళిపోయారు. మూడు నెలలు. ఈ లైబ్రరీ గది తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ ముక్క రిజిస్టర్లో ఉండదుగా?

ఇంకా రాయొద్దండీ. మొత్తం వినండి, విన్నాక రాసుకోండి. సగం చదివి, సగం విని పని మొదలెడితే ఏమవుతుందో ఈ నూజివీడు మొత్తంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు.

నా పేరు రత్నబాబు. ఈ మామిడి పరిశోధన స్టేషన్లో రోజుకూలీని. చెట్లకి తెల్లరంగుతో నెంబర్లేస్తాను, పూతకొమ్మలు లెక్కపెడతాను, వానాకాలం ఈ గదిలో పుస్తకాలు దులుపుతాను. గుడివాడలో పి.యు.సి. సగంలో మానేసి వచ్చాను. ఫీజు కట్టలేక కాదండీ, మా నాన్న మిషన్ స్కూలు టీచరు. ఒకచోట కూర్చోలేకపోయాను, అంతే. వీడి కాళ్ళ కింద చీమలపుట్ట ఉందని మా అమ్మ అంటుంది.

అలాంటోణ్ణి కూర్చోబెట్టింది ఇక్కడ పరిశోధన చేసే సుబ్రహ్మణ్యంగారు. మీరేమో విచారణ పెట్టి ఆయనకి మెమో ఇచ్చారు.

ఎలా కూర్చోబెట్టారంటారా? ఓ రోజు దులుపుతూ దులుపుతూ ఓ పరిశోధన పేపరు చదువుతున్నాను. ఏం అర్థమైంది అని అడిగారు. చివరి పేరా చెప్పాను. "అది వాడు చెప్పిన మాటరా. వాడు చేసిన పనేంటో చెప్పు" అన్నారు. మళ్ళీ ఆ చివరి పేరాయే చెప్పాను. అప్పుడు స్టూలు లాగి పక్కన వేశారు. ఆయన బల్ల పక్కన, కూలీవాడికి స్టూలు! ఆఫీసులో అందరూ చూశారు.

పేపరు పేరు చూసి మోసపోకు, కడుపు చూడు అనేవారు. కడుపంటే మధ్యలో పట్టికలు. ఏ రకం చెట్టు, ఏ నేల, ఎన్ని చెట్లు, ఎన్నేళ్ళు. అన్నిటికన్నా ముందు, పక్కన ఏమీ చెయ్యకుండా వదిలేసిన చెట్లెన్ని? అవి లేకపోతే ఆ పేపరు మూసెయ్యమనేవారు. మందేసిన చెట్టు కాసిందంటే సరిపోదు, వెయ్యని చెట్టు ఏం చేసిందో చెప్పాలి.

వెతకడమూ నేర్పారు. పేపరు చివర చిన్నక్షరాల్లో పేర్లుంటాయి చూశారా, వాటిని చుట్టాల జాబితా అనేవారు. ఒకణ్ణి పట్టుకుంటే వాళ్ళ తాతా ముత్తాతా అందరూ దొరుకుతారు. కానీ మనవళ్ళు అందులో ఉండరుగా. దానికి ఆ లావుపాటి సూచిక పుస్తకాలున్నాయి, ఏడాదికొకటి. ముందుకి తిప్పుకుంటూ రావాలి. "ఎవడో ఒకడు దాన్ని మళ్ళీ చేసి చూసుంటాడు. వాడేమన్నాడో తెలీకుండా నువ్వు నోరు విప్పకు" అనేవారు.

ఇంకోటి. రాసేటప్పుడు ఎవరి మాటో వాళ్ళ పేరు పెట్టి రాయాలి. నీకు ఎదురు చెప్పినవాణ్ణి అందరికన్నా ముందు రాయాలి. దాన్ని ఎక్కడో అడుగున దాచినవాడు కల్తీ నెయ్యి అమ్మేవాడితో సమానం అనేవారు.

ఇవన్నీ ఎందుకంటారా? కావాలండీ. ఇవి తెలీకపోతే నేను చేసిందేంటో మీకు తెలీదు.

విస్సన్నపేట రోడ్డులో సీతారామాంజనేయులుగారి తోట ఉండేది. అదేనండీ, మీకు ఫిర్యాదు రాసిన షావుకారు. నలభై రెండు చిన్నరసాల మామిడిచెట్లు. దాని కాపలా ఇన్నయ్య. చుట్టమేం కాదు, మాది మిషను, వాళ్ళది కేథలిక్ గుడి. కానీ నేను పుట్టినప్పట్నించీ బాబాయే. ఆ చెట్లు నాటింది ఇన్నయ్య బాబాయ్ వాళ్ళ నాన్న. కావిడితో నీళ్ళు మోసింది బాబాయ్, పదేళ్ళప్పుడు. అక్కడే గుడిసె, అక్కడే జోజమ్మ పిన్ని, వాళ్ళ కోళ్ళూ. పిల్లల్లేరు. చెట్లకే పేర్లు పెట్టుకున్నాడు. ఓ చెట్టుకి మా నాయనమ్మ పేరు. ఎందుకు బాబాయ్ అంటే, వంకరగా ఉన్నా తియ్యగా కాస్తుందిరా అన్నాడు.

చిన్నరసం సంగతి మీకు తెలిసిందే. ఓ ఏడు కాస్తే ఓ ఏడు కూర్చుంటుంది. ఇవి ముసలివయ్యాయి, రెండేళ్ళు వరసగా కూర్చున్నాయి. షావుకారుగారు విసిగిపోయారు. ఈసారి పూత రాకపోతే కొట్టించేసి హనుమాన్ జంక్షన్ కోతమిల్లుకి తోలిస్తానన్నారు. పళ్ళపెట్టెల చెక్కకి మామిడి బాగా పనికొస్తుందిగా. తోటే లేకపోతే కాపలా దేనికి? గుడిసె దేనికి?

బాబాయ్ నా దగ్గరికొచ్చాడు. వచ్చి ఈ గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. "అన్ని పుస్తకాలున్నాయి గదరా, చెట్టుని అడుక్కునే మాట ఒక్కటి ఉండదా?" అన్నాడు.

ఆ ఒక్క ముక్కకి నాకు పొగరెక్కిందండీ. పి.యు.సి. మానేసినోడు, తిన్నగా ఉండనోడు అని ఊళ్ళో పేరు. ఇక్కడో మనిషి దండం పెట్టినట్టు నిలబడి అడుగుతున్నాడు.

వెతికాను. ఆగస్టు అంతా వెతికాను. పాత సూచికలో దొరికింది. ఫిలిప్పైన్సు దీవుల్లో మామిడిచెట్టు కింద తడిచెత్త పోగేసి పొగ పెడతారట. రెండు వారాలు ఆరనివ్వకుండా పెడితే, అదును కాకపోయినా పూత తన్నుకొస్తుందట. పేపరు మన దగ్గర లేదు. సారు చేత ఉత్తరం రాయించి దూరపు లైబ్రరీ నుంచి పోస్టులో తెప్పించాను. ఎందుకురా అంటే, ఊరికే, చదవడానికి అన్నాను. చదివాను, చేత్తో ఎత్తి రాసుకున్నాను, తిప్పి పంపేశాం.

ఏ రకం చెట్టు అని సారు అడిగారు. కరబావ్ అన్నాను. వాళ్ళ భాషలో దున్నపోతు అని అర్థంట. సారు నవ్వారు. "దున్నపోతుకి పట్టే ముల్లుగర్ర లేడిపిల్లకి పడుతుందా? మన రసాల మీద ఎవరైనా చేశారేమో చూస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు" అన్నారు.

అప్పటికే చెప్పేశానండీ. ముందురోజే.

బాబాయికి ఎలా చెప్పానంటారు? ఫలానా దేశంలో ఫలానావాళ్ళు చేశారని చెప్పలేదు. "నేను కనిపెట్టాను బాబాయ్" అన్నాను. తర్వాత దేశం పేరు చెప్పానులెండి, అదీ గొప్పకే.

షావుకారుగారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. కొట్లో కూర్చుని నా రాతప్రతి వేళ్ళ చివర్లతో పట్టుకు చూశారు. "ఇది నీ రాత గదా అబ్బాయ్. నీ రాతకి నా చెట్లు ఆగుతాయా? అచ్చులో చూపించు, జనవరి నెలాఖరుదాకా ఆగుతాను" అన్నారు. న్యాయమైన మాటే.

అచ్చు ఎక్కడ తేను? ఆ పుస్తకం వెళ్ళిపోయింది. సారు కోయంబత్తూరులో ఉన్నారు. ఈ బల్ల మీద ఈ వాల్యూము ఉంది. తెరిస్తే, మామిడి, పొగ, పూత. పెద్దక్షరాల్లో పేరు. రెండు ఆకులు.

గడ్డం గీసుకునే బ్లేడుతో నేనే కోశాను. ఈ కుర్చీలోనే కూర్చుని. ఆ రెంటిలో ఒకదాని మీద స్టేషన్ ముద్ర ఉంది, అదీ ఒకందుకు మంచిదేలే అనుకున్నాను.

చదివానా అంటారా? చెప్తాను. ఆ ప్రశ్న అలా పక్కన పెట్టండి. అక్కడికే వస్తున్నాను.

షావుకారుగారు ముద్ర చూశారు, పేరు కూడబలుక్కుని చదివారు. మ్యాంగో అన్నారు, స్మోక్ అన్నారు. సరేనన్నారు. కాగితాలు బాబాయికే తిరిగిచ్చారు. బాబాయ్ వాటిని ఇంటికి తీసుకెళ్ళి బైబిల్లో పెట్టాడు. జోజమ్మ పిన్ని రోజూ దాని ముందు కొవ్వొత్తి వెలిగించేది. నేను చూశానండీ. నవ్వొచ్చిందని చెప్పను. ఏం వచ్చిందో కూడా చెప్పను.

నవంబర్లో మొదలెట్టాం. తడిగడ్డి, ఎండాకులు, పైన పచ్చి వేపరొట్ట. మంట లేవకూడదు, పొగ ఆగకూడదు. నలభై రెండు చెట్లకి మనిషి ఒక్కడు. నేను స్టేషన్ పనయ్యాక వెళ్ళేవాణ్ణి, ఓ గంట ఊదేవాణ్ణి, కళ్ళు మండి వచ్చేసేవాణ్ణి. ఆయన అక్కడే. తినడం, పడుకోవడం ఆ పొగలోనే. ఆయనకి మొదట్నించీ ఆయాసం ఉంది. నాకు తెలుసు. పిన్ని మూతికి తడిగుడ్డ కట్టేది. గుడ్డ సాయంత్రానికి నల్లగా అయ్యేది.

మొదటిరోజే చెప్పాను, పది చెట్లు వదిలెయ్ బాబాయ్, వాటికి పొగ పెట్టొద్దు అని. పాఠం వచ్చుగా నాకు! ఎందుకన్నాడు. తేడా తెలియాలిగా అన్నాను. ఆయన నా వంక ఎలా చూశాడో మీకు చెప్పలేను. "ఏ పదిటిని వదలమంటావురా? కొట్టించుకోడానికి ఏ పదిటిని ముందు నిలబెట్టమంటావు?" అన్నాడు.

నేను గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. అన్నిటికీ పెట్టాడు.

రెండు వారాలన్నది నెలయింది. ఇంకొన్నాళ్ళు చూద్దాం అని నేనే అన్నాను. ఆకులు మసిబారి కొసలు మాడాయి. ఆయన దగ్గు తోట బయట రోడ్డుమీదికి వినపడేది. బాపులపాడు నుంచి పిన్ని చెల్లెలు వచ్చి, మీ ఆయన్ని కూడా మాగబెడుతున్నావా అక్కా అని వెటకారమాడింది. పిన్ని ఆయన మూతికి తడిగుడ్డ మార్చి కట్టింది.

జనవరిలో మూడు చెట్లకి పూత వచ్చింది.

మూడేనండీ. మా నాయనమ్మ చెట్టు ఒకటి. బాబాయ్ ఆ చెట్టుని కావిలించుకుని అలా ఉండిపోయాడు. దగ్గొస్తుంటే చెట్టు కూడా ఊగుతున్నట్టుంది. నన్ను పిలిచి నా చెయ్యి తన నెత్తిమీద పెట్టుకున్నాడు. నా చెయ్యి, ఆయన నెత్తిమీద! వయసెంతండీ నాది, ఇరవై రెండు.

ఆ మూడూ పొగకి పూశాయా, ఊరికే పూశాయా? ఎవరు చెప్తారు? పొగ పెట్టని చెట్టు తోటలో ఒక్కటీ లేదే.

మిగతా ముప్ఫై తొమ్మిదీ కదల్లేదు. నెలాఖరున షావుకారుగారు వచ్చారు, అల్లుడుగారు లక్ష్మీనారాయణగార్ని వెంటబెట్టుకుని. బెజవాడలో ప్లీడరు. ఆయన అడిగారు, ఆ కాగితమేది, చూద్దాం అని. బాబాయ్ పరిగెత్తుకెళ్ళి తెచ్చాడు. బైబిల్లోంచి తీసి, కళ్ళకద్దుకుని ఇచ్చాడండీ. మూడు చెట్లు పూశాయి గదా, ఇంకో ఏడు గడువు అడుగుదామని ఆశ. కాగితమే మాట్లాడుతుందని ధైర్యం.

ప్లీడరుగారు చెట్టు కింద నిలబడి నాలుగు పేజీలూ చదివారు. నేను ఆయన కళ్ళనే చూస్తున్నాను, ఏ లైను దగ్గరున్నాయో నాకు తెలుస్తోంది. నాలుగో పేజీ దగ్గర ఆగి నవ్వారు. "ఏంటి మామగారూ, ఇందులో పనికిరాదని రాసుంటే? మన రసాల మీదే నాలుగేళ్ళు చేసి చూశార్ట. పొగ దండగ అంటున్నాడు."

బాబాయ్ ఆ కాగితం వంక చూశాడు. తర్వాత నా వంక తిరిగాడు. కోపం లేదండీ ఆ మొహంలో. అదుంటే బతికిపోయేవాణ్ణి.

"రత్నం, అందులో అదే ఉందా?" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "నాకు అంత ఇంగ్లీషు రాదు బాబాయ్. పేరు చూసి తెచ్చాను" అన్నాను.

"పోన్లేరా. నీకూ తెలీలేదు గదా. ఎవరికి తెలుస్తాయిలే అంత గట్టి ఇంగ్లీషు ముక్కలు" అన్నాడు. అని నా భుజం తట్టాడు. షావుకారుగారు నన్ను కొట్టబోతే అడ్డం కూడా వచ్చాడు, తెలీని పిల్లోడండీ అని.

ఆ వారంలోనే గొడ్డళ్ళు దిగాయి. పూసిన మూడింటినీ కూడా ఆపలేదు. పూతతోనే పడ్డాయి. ఆ మధ్యాహ్నం బాబాయ్ రక్తం కక్కుకున్నాడు. మిషను ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులున్నాడు. ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయి, పొగ మిగతాది తినేసిందన్నారు. నేను వెళ్ళినప్పుడల్లా పక్కమంచం వాళ్ళకి నన్ను చూపించేవాడు. మావాడు, స్టేషన్లో పని, నా చెట్ల కోసం ఎంత తిరిగాడో అని. ఫిబ్రవరి ఇరవైన పోయాడు. పిన్ని ఇప్పుడు బాపులపాడులో చెల్లెలింట్లో ఉంటోంది. మొన్న వెళ్తే అన్నం పెట్టింది. తిన్నాను.

ఇదండీ జరిగింది. షావుకారుగారు ఆ కాగితాలు మీకిచ్చిన ఫిర్యాదుకి జతచేశారు. మీ స్టేషన్ ముద్ర, మీ స్టేషన్ మనిషి, నా చెట్లు అని.

ఇక సుబ్రహ్మణ్యంగారు మీకు రాసిచ్చిన జవాబు. గుమాస్తా చూపించాడులెండి, అతన్నేం అనకండి. అందులో ఏం రాశారు? "గది తాళం ఇచ్చి వెళ్ళడం నా పొరపాటు. కుర్రవాడికి ఆంగ్లం చాలదు. విషయం గ్రహించక చేసిన పని." అంతేగా? నేరం ఆయన నెత్తినేసుకుని, నాకో దారి వదిలారు. అదే దారి. నేను తోటలో నిలబడి వెతుక్కున్న దారే. ఆయనకెలా తెలిసిందో మరి.

ఆ దారి ఒకసారి వాడుకున్నానండీ. చచ్చిపోయేవాడి దగ్గర వాడుకున్నాను.

చదివానా అని అడిగారు గదా ఇందాక? ఈ చీటీ చూడండి. చొక్కా జేబులో నాలుగు నెలలుగా ఉంది, చెమటకి మసకేసింది గానీ చేతిరాత పోలుస్తారుగా. ఈ వాల్యూములో ఆ పేజీ దగ్గరే పెట్టి వెళ్ళారు సారు. మీరే చదవండి. "రత్నబాబూ, పొగ మీద నువ్వు చూడాల్సిన రెండోది ఇది. మధ్యలో పట్టికలు చూడు. ఇది చదివాకే ఎవరికైనా చెప్పు." ఆయన ఆ పుస్తకం తీసిందే నా కోసం. సంతకం పెట్టిందీ నా కోసమే.

నేను చదివాను. పట్టికలు ముందు చూశాను, ఆయన చెప్పినట్టే. ఎన్ని చెట్లో చూశాను, ఎన్నేళ్ళో చూశాను. పొగ పెట్టని చెట్లు, పెట్టినవాటికి సరిసమానంగా ఉన్నాయి. తప్పు పట్టడానికి లేదు. రెండుసార్లు చదివాను. చదివాక ఓ గంట కూర్చున్నాను. అప్పటికి తోటలో ఒక్క నిప్పురవ్వ కూడా వెయ్యలేదండీ. సైకిలేసుకుని వెళ్ళి, వద్దు బాబాయ్, నేను తప్పు చెప్పాను అంటే అయిపోయేది. చెట్లు పోయేవి, మనిషి మిగిలేవాడు. కానీ నన్ను నమ్మిన మొదటి మనిషండీ ఆయన. ఆ మొహం చూసి ఆ మాట అనలేక బ్లేడు తీశాను. పుస్తకంలో ఆ ఆకులే లేకపోతే, సారు వచ్చి అడిగినా నాకు కనపడలేదని చెప్పొచ్చనుకున్నాను. షావుకారు ఎలాగూ పేరు దాటి చదవరు, అచ్చు చూపించినట్టూ ఉంటుందనుకున్నాను.

నమ్మరా? అబద్ధం చెప్పి ఆయన్ని కాపాడుతున్నానంటారా? ఆ కాగితం ఇటివ్వండి. ఆఖరి పేజీ, తెలుగులో చెప్తాను వినండి. నాలుగేళ్ళ పరీక్షలో పొగ పెట్టిన చెట్లకీ, పెట్టని చెట్లకీ పూతలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఎక్కువ రోజులు పెట్టినచోట ఆకు దెబ్బతింది. ఈ రకాలకి రైతులు ఈ పద్ధతి చేపట్టరాదు.

సరిపోయిందా తెలుగు?

ఇప్పుడు రాసుకోండి. ఆంగ్లం చాలదు అన్న ముక్క కొట్టెయ్యండి. వాడికి అంతా అర్థమైంది, మా సారు బాగానే నేర్పారు అని రాయండి. సంతకం ఎక్కడో చూపించండి, పెడతాను.